ఓడిపోయేట్టున్నాం, రండి

మొహిద్దీన్ బాషా గొంతు వినకుండా ప్రత్తిపాడు చుట్టుపక్కల ఎవరూ పెరిగి పెద్దవాళ్ళు కాలేదు. ఎడ్ల బండలాగుడు పోటీలైనా, ఊరి కబడ్డీ పందాలైనా, పెదకాకాని తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లాడి సంగతైనా మైకు ఆయన చేతిలో ఉండాల్సిందే. ఆయన నోరు తెరిస్తే కొట్టు దగ్గర టీ తాగుతున్నవాడు గ్లాసుతో సహా లేచి వచ్చేవాడు. అలాంటి మనిషి ఈ ఏడాది ఖాళీ కుర్చీలకు కబుర్లు చెప్పుకుంటూ గడిపాడు.

గుంటూరు శివార్లలో కొత్తగా హాకీ స్టేడియం కట్టారు. నీలం రంగు నేల, చుట్టూ గ్యాలరీలు, సాయంత్రమైతే పట్టపగల్లా వెలిగే దీపాలు. ఆడపిల్లల జట్టుకు ‘గుంటూరు తేజాస్’ అని పేరు పెట్టారు. తేజ అంటే ఇక్కడ పండే మిరపకాయల్లో నోరు మండించే రకం. పిల్లలు పేరు నిలబెట్టారు కూడా. వచ్చిన జట్టునల్లా చితక్కొట్టి పంపించారు. చూసినవాళ్ళెవరు? గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు, ఐస్‌క్రీమ్ బండివాడు, రెండు మూడు కాలేజీల నుంచి బలవంతాన తోలుకొచ్చిన పిల్లలు. గోల్ పడినప్పుడు బాషా మైకులో అరిస్తే ఆ అరుపు ఎదుటి గ్యాలరీకి తగిలి మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చేది. అంతకంటే సిగ్గు ఇంకేముంటుంది మైకు పట్టిన వాడికి?

జట్టును నడిపే కంపెనీవాళ్ళు చేయని పని లేదు. హోర్డింగులు పెట్టారు, ఫోన్లో టిక్కెట్లు పెట్టారు, మధ్యలో డాన్సులు పెట్టారు, చివరికి ఊరికే పాసులు పంచారు. “ఇక్కడి జనానికి క్రికెట్టూ సినిమా తప్ప ఏదీ పట్టదు” అని హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుర్ర ఆఫీసరు తేల్చేశాడు. ఆ మాట విని బాషాకు ఒళ్ళు మండింది. రెండెడ్లు బండ లాగుతుంటే మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి, వాటితో పాటు తామూ ఒంగి లాగే జనం వీళ్ళు. వీళ్ళకు ఆట పట్టకపోవడమేమిటి?

బుధవారం నాడు జట్టు మేనేజర్ మాధురి ఆయన్ని పక్కకు పిలిచింది. నరసరావుపేట అమ్మాయి, మంచి పిల్ల, నిద్రలేక కళ్ళు లోపలికి పోయాయి. “బాషా గారూ, శనివారం ఇక్కడ మనకి ఆఖరి మ్యాచ్. సగం గ్యాలరీ అన్నా నిండకపోతే వచ్చే ఏడు జట్టుని వేరే ఊరు తీసుకుపోతారంట. పైనుంచి చెప్పేశారు.”

బాషా ఆ ఖాళీ గ్యాలరీల వైపు చూశాడు. జట్టు పోతే ఆయన మైకు ఎక్కడికీ పోదు, పోటీలు బోలెడున్నాయి. ఆయన బాధ శాంతి గురించి. జట్టు మొత్తంలో ఈ నేల పిల్ల ఆమె ఒక్కతే. పక్కనే నల్లరేగడిపాలెం, మిరపకోత కూలీల బిడ్డ. బడి పోటీల్లో ఆ పిల్ల ఆట చూసి, వాళ్ళమ్మ ఎలీసమ్మ వద్దంటుంటే ఇంటికి వెళ్ళి ఒప్పించింది బాషానే. “పంపించు చెల్లెమ్మా. చుట్టుపక్కల ఊళ్ళన్నీ నీ బిడ్డని కళ్ళారా చూస్తాయి. నాది పూచీ” అన్నాడు. ఊళ్ళన్నీ చూడటం సంగతి దేవుడెరుగు, సొంత ఊరే రావడం మానేసింది. మొదటి మ్యాచ్‌కు మాత్రం రెండు ఆటోల నిండా వచ్చారు. మళ్ళీ కనిపిస్తే ఒట్టు.

ఆ సాయంత్రమే బాషా నల్లరేగడిపాలెం వెళ్ళాడు. ఎలీసమ్మ అప్పుడే కోత నుంచి వచ్చి చేతులకు కొబ్బరినూనె రాసుకుంటోంది. మిరపకాయల మంట నీళ్ళతో పోదు. ఆమె తమ్ముడు పిచ్చయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కూలీలను ఆటోలో పొలాలకు చేరవేసేది అతనే.

“రా అన్నా” అంది ఎలీసమ్మ. కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది, ముఖం మాత్రం పక్కకు తిప్పుకుంది.

“ఏం చెల్లెమ్మా, మీరే రాకపోతే ఎట్టా? బిడ్డ ఆట చూడబుద్ధి కాలేదా?”

పిచ్చయ్య అరుగు దిగి వచ్చాడు. “ఆటా? ఏం ఆట బాషా గారూ? మా మేనకోడల్ని ఆడనిచ్చారా అసలు? అందరూ బంతెంట పరిగెత్తతా ఉంటే మా పిల్లని ఓ మూలకి నిలబెట్టారు. మొకానికి ఇనప తొడుగు, కాళ్ళకి దిమ్మలు. ఆట అయిందాకా దిష్టిబొమ్మకి మల్లే నిలబడే ఉంది. ఒక్కసారన్నా బంతిచ్చారా?”

బాషాకు నవ్వొచ్చింది కానీ ఎలీసమ్మను చూసి ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి.

“నీకు తెలవని సంగతి కాదన్నా” అంది ఆమె. “మా నాయన కాలంలో పెద్దోళ్ళ ఇళ్ళల్లో పెళ్ళయితే మమ్మల్ని ఎక్కడ నిలబెట్టేవాళ్ళు? అందరికంటే ఎనకాల, గోడవతల. అందరూ తిన్నాక పిలుపు. నా బిడ్డకి ఆ నిలబడటం ఉండకూడదనే గదా చదివిచ్చింది, ఆటకి పంపిచ్చింది. అంత ఎలుతురు కింద, అంతమంది ముందర, మళ్ళీ అక్కడే నిలబెట్టారు. మొకం కూడా కనపడనీయకుండా. నేను చూడలేకపోయా.”

“అయ్యో తల్లీ, అది గోల్‌కీపర్. ఆ చోటు అన్నిటికంటే పెద్దది. మనవాళ్ళు గట్టిగా ఆడతన్నారు కాబట్టి బంతి అక్కడిదాకా రాలేదు, అంతే.”

“గెలిచే జట్టులో పనేమీ లేని చోటు పెద్దదా?” అంది ఎలీసమ్మ. “నన్ను ఊరడించటానికి కథలు చెప్పమాక అన్నా.”

బాషా చాలాసేపు చెప్పి చూశాడు. కబడ్డీతో పోల్చాడు, పుల్లతో నేల మీద గీతలు గీశాడు. ఆయన మాటలకు పందెపుటెడ్లు కూడా కదులుతాయంటారు, ఆ తల్లి మాత్రం కదల్లేదు. తిరిగి వస్తుంటే ఆయనకు మిగతాదంతా అర్థమైంది. కోత ముఠాలు ఇవాళ ఒక ఊళ్ళో, రేపు ఇంకో ఊళ్ళో. పొదిలి వైపు నుంచి కోతలకు వచ్చినవాళ్ళూ వీళ్ళతోనే కలిసి పనిచేస్తారు. కాయతో పాటు కబురూ పొలం నుంచి పొలానికి పోయింది. మన పిల్లను మూలన నిలబెట్టారట అన్న మాట ముందు హోర్డింగులేం పనిచేస్తాయి? కోత చేయించే రైతు యలమందయ్య కూడా దారిలో అదే అన్నాడు. “మన పిల్లని ఆడనియ్యని ఆట మనం చూసేదేంది బాషా?”

శనివారం పొద్దున్నే మాధురి ఫోన్ చేసింది. ఏడుపు గొంతు. వెనక వరసలో కాపు కాసే ఇద్దరు పిల్లలకూ జ్వరమట, లేవలేకపోతున్నారట. వచ్చేది రాంచీ జట్టు, గట్టిది. “ఇవాళ ఓడిపోతాం బాషా గారూ. గెలుస్తున్నప్పుడే రానివాళ్ళు ఓడిపోయేదానికి వస్తారా?”

ఆ మాటకు బాషా మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. ఓడిపోతామంటే బంతి మన వైపు వస్తుందన్నమాట. అంటే శాంతి దగ్గరికి వస్తుంది.

ఇంకో సంగతి కూడా ఆయనకు అప్పుడే తట్టింది. ఇక్కడి జనానికి శుభకార్యమైతే ఇంటికొచ్చి పిలవాలి. పిలిచిన తీరులో కాస్త తేడా వచ్చినా మానేస్తారు, పదేళ్ళు గుర్తుపెట్టుకుంటారు. కష్టమొచ్చిన ఇంటికి మాత్రం ఎవరి పిలుపూ అక్కర్లేదు. కబురు తెలిస్తే చాలు, చేతిలో పని చేతిలోనే పడేసి వెళ్తారు. ఆ ఇంటితో మాటలు లేనివాళ్ళు కూడా వెళ్తారు. ఏడాది పొడుగునా ఈ జట్టు గెలిచాం గెలిచాం అని చాటుకుంది. గెలిచిన వాళ్ళకు మనతో పనేముంది?

పిచ్చయ్య ఆటో కాదు, వేరే ఆటో మాట్లాడుకుని మైకు కట్టాడు బాషా. ఊరూరా తిరిగి ఒకటే మాట. “అమ్మల్లారా, అయ్యల్లారా! మన పిల్లలు కష్టంలో ఉన్నారు. ఇవాళ ఓడిపోయేట్టున్నాం. అయినవాళ్ళు ఎవరన్నా ఉంటే సాయంత్రం రండి!”

మధ్యాహ్నానికి ఆ సంగతి మాధురికి తెలిసి లబలబలాడింది. “అదేం ప్రచారం బాషా గారూ? మా ఉద్యోగాలు తీసేస్తారు!”

“జనం సంగతి నాకొదిలెయ్యి తల్లీ” అని ఫోన్ పెట్టేశాడు. 

యలమందయ్య చేలో కోత సాగుతోంది. బాషా ఆటో గట్టు దగ్గర ఆపించి మైకు ఆపేశాడు. ఈ మాట మైకులో చెప్పేది కాదు. సాళ్ళ మధ్యకు నడిచి వెళ్ళి ఎలీసమ్మ ముందు నిలబడ్డాడు.

“చెల్లెమ్మా, వెనక కాసే పిల్లలిద్దరూ జ్వరంతో పడ్డారు. అవతల ఉన్నదేమో మోటు జట్టు. నీ బిడ్డ ఒక్కతే అడ్డం నిలబడాలి.”

“ఒక్కతేనా?” అంది ఎలీసమ్మ.

“ఒక్కతే.”

ఒళ్ళోని కాయలు గోతాంలో పోసి ఆమె నడుం నిటారుగా చేసింది. “అయ్యా, ఇయ్యాల పెందలాడే దిగతాం. రేపు ఎలుగు రాకముందే వొచ్చి కోసిపెడతాం” అని యలమందయ్యకు కేక వేసింది. కల్లంలో ఎండుతున్న కాయ ఉంది, ఆ రైతుకు అది ప్రాణంతో సమానం. ఆయన కల్లం వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. “దిగండి. ట్రాక్టర్ కడతా, నేనూ వస్తన్నా” అన్నాడు.

సాయంత్రం గేటు దగ్గర చూడాలి ఆ సందడి. ట్రాక్టర్లు, ఆటోలు, మోటారు సైకిళ్ళు. ఆడవాళ్ళు పని బట్టల్లోనే వచ్చారు. వాళ్ళ చీరల నుంచి లేచిన మిరప ఘాటుకు సెక్యూరిటీ వాళ్ళు తుమ్మి తుమ్మి తనిఖీలు మానేశారు. అన్నం క్యారేజీలు లోపలికి పోకూడదని రూలు ఉంది. మాధురి పరిగెత్తుకొచ్చి, “పోనివ్వండి, అన్నీ పోనివ్వండి!” అంది. సగం గ్యాలరీ అడిగారు కదా, మెట్ల మీద కూడా జనమే. అందరి ముఖాల్లోనూ ఒకటే దిగులు, ఆస్పత్రిలో మనిషిని చూడటానికి వచ్చినట్టు.

ఆట మొదలైన కాసేపటికే రాంచీ పిల్ల ఒకతె దూసుకొచ్చి బంతిని బలంగా కొట్టింది. అది సూటిగా శాంతి గుండెకు తగిలింది. గ్యాలరీ అంతా “అయ్యయ్యో” అంది. పిచ్చయ్య లేచి నిలబడ్డాడు. “ఒరేయ్, మా పిల్లని కొడతన్నార్రా!” అని కంచె మీద కాలు కూడా వేశాడు.

“పిచ్చయ్య గారూ, దిగండి!” బాషా మైకులో అరిచాడు. “దెబ్బ కాదయ్యా అది, అడ్డం! ఆ తొడుగులు అందుకే! చూడండి, బంతి లోపలికి పోలేదు!”

మళ్ళీ వచ్చారు. శాంతి కాలు చాచి ఆపింది. మళ్ళీ వచ్చారు. పక్కకు దూకి, నేల మీద పొర్లి, చేతితో తోసేసింది. కంపెనీవాళ్ళు రాసిచ్చిన ఇంగ్లీషు కాగితం బాషా ఎప్పుడో పక్కన పెట్టేశాడు. బండలాగుడు పోటీల గొంతు బయటికొచ్చింది. “వస్తంది, వస్తంది, అదిగో వచ్చింది… ఆపిందయ్యా ఆపింది, నల్లరేగడిపాలెం ఆపింది!” జనం ఆమె ఒంగినప్పుడు ఒంగారు, లేచినప్పుడు లేచారు. ఎలీసమ్మ మాత్రం అరవలేదు. చీర చెంగు నోట్లో కుక్కుకుని, కన్ను ఆర్పకుండా ఆ మూలనే చూస్తూ కూర్చుంది.

ఆఖరి నిమిషంలో ఒక్క బంతి శాంతి చేతికి తగిలి కూడా లోపలికి పోయింది. ఈల వేశారు. తేజాస్ మొదటిసారి ఓడిపోయింది.

బాషా మైకు దించాడు. జనం లేచి వెళ్ళిపోతారని ఎదురుచూశాడు. ఎవరూ వెళ్ళలేదు. కష్టం చూడటానికి వచ్చినవాళ్ళు మనిషిని పలకరించకుండా ఎలా వెళ్తారు? అందరూ మెల్లగా దిగి కంచె దగ్గరికి చేరుతున్నారు. పక్కన మాధురికి పైనుంచి ఫోన్ వచ్చింది. “ఓడిపోయాం సార్” అంటోంది. “జనమా? లేదు సార్, ఎవరూ పోవట్లేదు. నాకూ అర్థం కావట్లేదు సార్.”

శాంతి తొడుగు తీయకుండా గోల్ ముందు మోకాళ్ళ మీద కూలబడింది. ఎలీసమ్మ కంచె దాటింది. చెప్పులు గీత దగ్గర విడిచి ఆ నీలం నేల మీద నడిచి వెళ్ళింది. ఆపడానికి ఎవరికీ చేతులు రాలేదు. బాషా కూడా ఆమె వెనకే పరిగెత్తాడు.

“వదిలేశానమ్మా” అంటోంది లోపలి నుంచి శాంతి, వెక్కుతూ. “ఊరంతా వచ్చిన రోజే వదిలేశా.”

ఆ తొడుగు ఎలా తీయాలో ఎలీసమ్మకు తెలియలేదు. కమ్మీల మధ్య నుంచే వేలు పెట్టి కూతురి చెంప తుడవబోయి, చేతికి మిరప మంట ఉందని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

“ఏడవమాక” అంది. “అందరికంటే ఎనకాల నిలబెట్టారని ఇన్నాళ్ళూ కుళ్ళి కుళ్ళి ఏడిచా. నీ ఎనకాల ఆపేదానికి ఇంకెవరూ లేరు గదే బిడ్డా.”

శాంతి తొడుగు తీసింది. కంచె పొడుగునా నిలబడ్డ జనం ఆమె ముఖాన్ని అప్పుడు చూశారు.