మేబెల్ పేరు కింద

మేబెల్ పోయిన రోజు మా బడిలో పదో తరగతి పిల్లలకు తెలుగు యూనిట్ పరీక్ష. ప్రశ్నపత్రాలు పంచి కుర్చీలో కూర్చున్నాక సికింద్రాబాదు నుంచి మా బావమరిది ఆశీష్ ఫోను చేశాడు. పరీక్ష గదిలో నేను ఫోను తీయను. ఆ రోజూ తీయలేదు. గంట కొట్టాక, జవాబు పత్రాలు కట్ట కట్టాక, వరండాలో నిలబడి నేనే చేశాను.

"బావగారూ, అక్క..." అని ఆగిపోయాడు. అతని వెనక ఎవరో గట్టిగా ప్రార్థన చేస్తున్నారు.

తమ్ముడు కొత్తగా కొనుక్కున్న ఇంటి ప్రతిష్ఠ కూడికకు ఆమె వారం ముందే వెళ్ళింది. నిద్రలోనే గుండె ఆగిందట. నేను తునిలో రాత్రి రైలెక్కి, తెల్లారి మల్కాజ్‌గిరిలో వాళ్ళింటికి చేరేసరికి ఆమె అద్దం మూత ఉన్న ఫ్రీజర్ పెట్టెలో ఉంది. బయట జూలై వాన, లోపల ఉక్క. అద్దం మీద చెమ్మ పట్టి ముఖం సరిగా కనబడలేదు. జేబురుమాలుతో తుడిచాను. మళ్ళీ పట్టింది. ఆ మధ్యాహ్నం తిరుమలగిరి వైపు సమాధుల తోటలో, వాళ్ళమ్మ పక్కన, గొడుగుల కింద నిలబడి భూస్థాపన చేశాం.

ఏడాది తిరిగింది. మొదటి జ్ఞాపకార్థ కూడికనాటికి సమాధి మీద చెక్క సిలువ తీసేసి రాయి నిలబెట్టడం మా వాళ్ళలో ఆనవాయితీ. రాయి సంగతి, పాస్టరుగారి సంగతి, భోజనాల సంగతి ఆశీషే చూసుకున్నాడు. నాకు ఒక్క పని వదిలాడు. పేరు, పుట్టిన రోజు, పోయిన రోజు చెక్కాక వాటి కింద ఒక పంక్తి ఉంటుంది. అది నేను రాయాలి. బావగారు తెలుగు మాస్టారు, ఆయన రాస్తేనే అందం అన్నారట అందరూ. మాకు పిల్లలు లేరు. ఆమె ఎలాంటి మనిషో ముందు ముందు ఎవరికైనా చెప్పేది ఆ పంక్తి ఒక్కటే. అందులో అబద్ధం ఉండకూడదనుకున్నాను.

మా బడిలో జరిగిన సంతాప సభలో హెడ్మాస్టరుగారు ఆమెను మృదుభాషిణి అన్నారు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. చాలా రోజులు ఆలోచించి, 'మృదుభాషిణి, ప్రేమగల భార్య' అని రాసి ఆశీష్‌కు పంపాను.

గురువారం సికింద్రాబాదులో దిగాను. మేబెల్ ఎప్పుడూ చెప్పే స్టేషను ముఖం ఇప్పుడు లేదు. పాత కట్టడం పడగొట్టి చుట్టూ రేకులు కట్టారు. కూడిక శనివారం. ఆదివారం లష్కర్ బోనాలు కాబట్టి రోడ్లు మూసేస్తారు, ఏ పనైనా ఈలోపే కావాలి. శుక్రవారం పొద్దున కాఫీ ఇస్తూ ఆశీష్ భార్య గ్లోరియా అంది:

"అన్నయ్యగారూ, రోసమ్మ ఆంటీకి ఒక్కరికే చెప్పలేదు. ఫోనెత్తదు. మోండా మార్కెట్‌లో ఎండు చేపలమ్ముతుంది. వదినతో పాటు సండే స్కూల్లో చదివింది. మీరే వెళ్ళి పిలవండి. నేను పిలిస్తే 'పంతులుకు కాళ్ళు లేవా' అంటుంది."

వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఈ ఊరు ఎన్నిసార్లు వచ్చినా నేను మోండా మార్కెట్‌లోకి పోలేదు. ఎండాకాలం సెలవుల్లో వచ్చినప్పుడు మూల్యాంకనం కాగితాలు ముందేసుకుని వాళ్ళింట్లోనే కూర్చునేవాణ్ణి. ఆమె సంచీ తీసుకుని బయటికి పోయేది. సాయంత్రానికి వచ్చేది.

మార్కెట్లో అడుగు తీసి అడుగు వేయడానికి లేదు. బోనాల కుండలు, వేపమండలు, పసుపు. నిన్నటి వాన నీళ్ళు కాళ్ళ కింద నల్లగా ఉన్నాయి. పైన రేకు వేడెక్కి చెమట కళ్ళల్లోకి కారుతోంది. రోసమ్మ ముందు చేపలు కుప్పలుగా ఉన్నాయి.

"ఏం గావాలె సార్? రొయ్యలు మంచియున్నయి."

"నేను మేబెల్ భర్తను. దేవానందం."

ఆమె కళ్ళజోడు పైకి జరుపుకుని చూసింది. "నువ్వేనా మా మేబెల్‌ను ఎత్కపోయిన పంతులు? పెండ్లిల చూసిన. అప్పుడు నెత్తి మీద జుట్టుండె."

పక్క దుకాణం మనిషి నవ్వాడు. నేను కూడిక సంగతి చెప్పి, రావాలని పిలిచాను.

"పిలువకున్నా వస్త. నిలబడ్డవేంది, గా డబ్బా మీద కూసో. ఇరగదిలే."

కూర్చున్నాను. ఆమె ఒక బేరం తెగ్గొట్టి నా వైపు తిరిగింది.

"ఆడ సుత గిట్లనే లొల్లి జేసేదా?"

"ఎవరు?"

"ఇంకెవలు? మేబెలే. ఆమె గొంతు ఇంటే గీ గల్లీ అంత పరేషాన్. ఒకపారి మా అమ్మ తరాజు ఎవడో గుంజుకపోతుంటే రెండు వేళ్ళు నోట్ల పెట్టి సీటీ కొట్టింది సూడు, గడియార స్తంభం కాడ్నించి పోలీసాయన ఉరికొచ్చిండు! ఉర్దూల తిట్టుడు షురూ జేసిందంటే బండ్లోళ్ళే చెవులు మూసుకునేటోళ్ళు."

"అది చిన్నప్పుడు కదా."

"ఏం చిన్నప్పుడు? పోయిన సాలు సుత గిదే డబ్బా మీద కూసొని నా చేపలన్ని తనే అమ్మింది. నన్ను నోరు తెరువనియ్యలే. మరి ఆడ ఏం జేసేది?"

"చర్చిలో పాడేది," అన్నాను.

"ఎట్ల పాడేది?"

"మెల్లగా."

"మెల్లగనా! మేబెలా!" రోసమ్మ తొడ చరిచి నవ్వింది. నవ్వుతూ నా ముఖం చూసి ఆగింది. "నిజంగనే చెప్తున్నవా?"

"నిజమే."

ఆమె విసనకర్ర తీసి చేపల మీద ఈగల్ని తోలడం మొదలుపెట్టింది.

బయటికి వచ్చేసరికి వాన పట్టుకుంది. గడియార స్తంభం దగ్గర ఒక దుకాణం చూరు కిందికి పరుగెత్తాను. అక్కడ పది పన్నెండు మంది కుర్రవాళ్ళూ ఆడపిల్లలూ ఉన్నారు. ఊళ్ళో పాత కట్టడాలు చూడ్డానికి వచ్చిన జట్టు. చేతి మైకు పట్టుకున్న అమ్మాయి వానకు పోటీగా, కంటోన్మెంటు ఎప్పుడు పుట్టిందో, ఈ వీధికి ముందు ఏ పేరుండేదో చెబుతోంది. అందరూ తలలెత్తి చూస్తున్నారు. నేనూ చూశాను.

"సర్, మీరు మా గ్రూపేనా?" అని ఆ అమ్మాయి అడిగింది.

"కాదమ్మా," అని కొంచెం పక్కకు జరిగాను.

ముప్పై ఏళ్ళు ఒక ఇంట్లో ఉన్నాం. సాయంత్రం నేను కాగితాలు దిద్దుతుంటే ఆమె వీధి మెట్టు మీద కూర్చునేది. పిలిస్తే లోపలికి వచ్చేది. ఆమె తీరే అంత అనుకున్నాను. ఆమె ఈల వేయగలదని నాకు తెలియదు. ఒక్కసారి కూడా వినలేదు. రోసమ్మ అబద్ధమాడే మనిషి కాదు. హెడ్మాస్టరుగారూ కాదు.

వాన తగ్గకముందే ఆటో పిలిచి తిరుమలగిరి వెళ్ళాను. రాళ్ళు చెక్కే ఓంప్రకాశ్ షెడ్డు సమాధుల తోటకు దగ్గరలోనే ఉంది. మేబెల్ రాయి బల్ల మీద పడుకోబెట్టి ఉంది. పేరు, తేదీలు చెక్కడం అయిపోయింది. కింద నా పంక్తిని సుద్దతో గీసి పెట్టాడు. నేనెవరో చెప్పాను.

"మంచి టైంకొచ్చిండ్రు సార్. చాయ్ తాగి గిదే మొదలు పెడదామనుకున్న."

"అది వద్దు," అన్నాను.

"ఎందుకు? మంచిగనే ఉంది గదా. స్పెల్లింగ్ తప్పా?"

"తప్పేమీ లేదు. వద్దు."

"అయితే బైబిల్ వాక్యాలు మూడు రెడీగ ఉన్నయి. క్రిస్టియన్లకు గవే నడుస్తయి. కండ్లు మూసుకొని చెక్కుత. ఒకటి ఏసెయ్యనా?"

"వద్దు బాబూ. ఖాళీగా ఉంచు."

"ఖాళీ పెడితే నా పని సగంల ఇడిసిపెట్టిన అనుకుంటరు సార్ జనం." తడిగుడ్డ తీసుకుని, నా వైపు మరోసారి చూసి, పంక్తిని తుడిచేశాడు. ఒక్క చేతి ఊపుకే పోయింది. రాయి నిలబెట్టాక కూడా చెక్కవచ్చా అని అడిగాను. చెక్కవచ్చునట. వానలు తగ్గాక చెప్పమన్నాడు.

శనివారం పొద్దున కూడికకు ముందే రాయి నిలబడింది. ఆశీష్ నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"ఏంటి బావగారూ ఇది? అంత మంచి లైన్ తీయించేశారట. అందరూ అడుగుతారు, ఏం చెప్పను?"

"ఇంకా రాయలేదని చెప్పు."

"అక్క గురించి మీకు తెలియక ఎవరికి తెలుస్తుంది?"

అతను నా భుజం మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేసి, పాస్టరుగారికి ఎదురు వెళ్ళాడు.

ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరే వచ్చి పూలు పెట్టారు. రోసమ్మ చివర వచ్చింది. మంచి చీర కట్టుకుంది. గొడుగు లేదు. రాయి మీద వేలితో అక్షరాలు తడిమి, "ఏమున్నది దీన్ల? తడి కండ్లద్దాలతోని కానొస్తలేదు," అంది.

పేరు, తేదీలు చదివి వినిపించాను.

"గింతేనా?"

"కింద ఇంకో పంక్తి రాయాలి. మీరు చెప్పండి. ఆమె గురించి ఒక్క మాటలో ఏమంటారు?"

"ఒక్క మాటల ఎట్ల జెప్తరు పంతులూ? ఆమె ఎన్నడన్న ఒక్క మాట మాట్లాడి ఊకున్నదా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆశీష్ కూడా నవ్వాడు. వాళ్ళందరికీ ఎవరో ఒక మనిషి గుర్తుకు వచ్చినట్టుంది. నేను ఒక్కో ముఖం వైపూ చూస్తూ నిలబడ్డాను.

ఆదివారం రోడ్లు మూసేయకముందే బయల్దేరి రైలెక్కాను. తునిలోనూ వానలే. బడి మామూలుగా జరుగుతోంది. వానలు తగ్గాయి, ఎప్పుడు రమ్మంటారని ఓంప్రకాశ్ ఈమధ్య ఫోను చేశాడు. కొంచెం ఆగమన్నాను. మేబెల్ పేరు కింద పంక్తి ఇంకా రాయలేదు.