నాలుగింటి దగ్గు

రెండువేల పద్నాలుగు, వానలు తగ్గి గోడల మీద నాచు ఎండుతున్న కాలం. ఇస్త్రీ అక్క ఎప్పట్లాగే పొద్దున ఆరింటికి షట్టరు ఎత్తి, నిన్నటి మూట విప్పి, చొక్కాల మీద నీళ్ళు చిలకరించింది. గది ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల లోతు. ముందు ఇస్త్రీ బల్ల. వెనక మూల ఇంకో చిన్న బల్ల, దాని మీద ఒక భూతద్దం, మూతల్లేని మూడు చేతి గడియారాలు. అది ఆమె మొగుడిది. గడియారాలు బాగుచేసేవాడు. పోయి ఐదేళ్ళయింది.

మనిషి పోయాడు గానీ దగ్గు పోలేదు. రోజూ సాయంత్రం నాలుగింటికి ఆ మూల నుంచి రెండుసార్లు వినిపిస్తుంది. బతికున్నప్పుడు టీ కావాలంటే నోరు తెరిచి అడిగే అలవాటు లేదాయనకి, అలా దగ్గేవాడు. ఇప్పటికీ ఆమె రెండు గ్లాసుల్లో టీ పోసి ఒకటి ఆ బల్ల మీద పెడుతుంది. చల్లారాక అదీ తనే తాగుతుంది. బట్టల కోసం వచ్చినవాళ్ళు దగ్గు విని వాచీలు సరిచేసుకుంటారు. పక్క కొట్లో తాళాలు చేసే అన్న, "బావ దగ్గాడు, నాకూ కాస్త పొయ్యి చెల్లెమ్మా" అని గోడ అవతల నుంచే కేకేస్తాడు.

ఆ వారంలోనే గది యజమాని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మేస్తున్నానమ్మా. అటుపక్క బట్టల షాపాయన అడుగుతున్నాడు. గోడలు కొట్టేసి రెండూ కలిపేస్తాడట."

"గోడలు కొట్టేస్తే ఆయనెక్కడ దగ్గుతాడు?"

యజమాని తల గోక్కున్నాడు. "అయితే నువ్వే కొనుక్కో. ఏడాదిన్నర ఆగుతాను. ఇరవై రెండేళ్ళు ఒకటో తారీకు దాటకుండా అద్దె ఇచ్చావు, ఆమాత్రం ఆగకపోతే నా మొహం నాకే బాగోదు."

బ్యాంకులో లోన్ల బల్ల దగ్గర కళ్ళద్దాల అమ్మాయి ఆమె పేరు కొట్టి, చాలాసేపు తెర వంక చూసింది.

"మీ గురించి ఏమీ రావట్లేదమ్మా."

"రాకపోతే మంచిదే కదా. ఎవరికీ బాకీ లేను."

"అదే ఇబ్బంది. మీరు అప్పు తీసుకుని తీర్చినట్టు ఎక్కడా లేదు. అందుకే స్కోరు లేదు. రేపు మాది తీరుస్తారని ఎలా తెలుస్తుంది?"

"ఇరవై రెండేళ్ళు అద్దె కట్టాను."

"చేతికిచ్చారుగా. ఇందులోకి రాదు."

ఆమె మొగుడు ఉప్పు పొట్లం కూడా అరువు తేనిచ్చేవాడు కాదు. మాది అప్పు లేని కొంప అని వీధంతా చెప్పుకునేవాడు. ఆ గొప్ప బ్యాంకులో చెల్లలేదు.

అమ్మాయి మంచిదే. దారి చెప్పింది. దాచుకున్న దాంట్లో ఇరవై వేలు డిపాజిట్ చేయించి, దాని మీద ఒక క్రెడిట్ కార్డు ఇచ్చింది. "మూడో వంతు కన్నా ఎక్కువ వాడకండి. బిల్లు మొత్తం గడువులోపల కట్టండి. ఇంకో బ్యాంకుకెళ్ళి లోను అడక్కండి."

ఇస్త్రీ అక్క కరెంటు బిల్లు, గంజి పొడి, సబ్బులు ఆ కార్డు మీదే కొంది. అయితే కార్డు గీసిన రోజు ఆమెకు అన్నం సయించేది కాదు. పొద్దున గీస్తే మూడింటికల్లా బ్యాంకుకి పరిగెత్తి కట్టేసేది. మూడు నెలలు బిల్లు సున్నా వచ్చింది.

"మీరు వాడినట్టే లేదమ్మా," అంది అమ్మాయి.

"వాడాను. కట్టేశాను."

"బిల్లు రానివ్వండి. వచ్చాక కట్టండి. అప్పటిదాకా ఊరుకోండి."

"అన్ని రోజులూ బాకీ మోస్తూ తిరగాలా?"

"తిరగాలి. మోయగలరో లేదో చూడ్డానికేగా ఇదంతా."

తాళాల అన్న విని పడీపడీ నవ్వాడు. "అందరూ బాకీ తీర్చలేక ఏడుస్తుంటే, తీర్చనివ్వట్లేదని ఏడ్చేదానివి నువ్వొక్కదానివే."

నేర్చుకుంది. నాలుగింటికి గ్లాసు పెడుతూ మూలకు చెప్పుకునేది: "ఇంకా పదకొండు రోజులుంది. కోప్పడకయ్యా." ఈమధ్య ఆయన మొహం ఆమెకు ముక్కలుముక్కలుగా గుర్తొస్తోంది. ఒకరోజు కనుబొమలు, ఒకరోజు చెవి దగ్గర మచ్చ. మొత్తం ఒక్కసారిగా రావడం లేదు. దగ్గు మాత్రం మొత్తంగా వస్తుంది. దాని కోసం మూడున్నర నుంచే ఇస్త్రీ పెట్టె ఆపేసి కూర్చునేది.

పదిహేడు నెలలకు అమ్మాయి తెర ఆమె వైపు తిప్పింది. ఏడు వందల నలభై రెండు.

"మంచి స్కోరు. కానీ చరిత్ర మరీ చిన్నది. గది లోనుకి హామీదారు ఉండాలి. ఎవరైనా ఉన్నారా?"

"మా ఆయన."

"ఆయనకెక్కడైనా బాకీలున్నాయా?"

"ఉప్పు పొట్లం కూడా లేదు."

"అయితే చాలు. రేపు రమ్మనండి."

"రాలేడు. నాలుగింటికి మీరే రావాలి."

మర్నాడు పది నిమిషాల ముందే వచ్చి, అమ్మాయి కాయితాలు చిన్న బల్ల మీద పరిచింది. నాలుగయింది. రెండు దగ్గులు. "హామీదారు హాజరు" అని రాసుకుని, సంచీలోంచి మందపాటి కవరు తీసింది.

"లోను తీరేదాకా హామీ మా దగ్గరే ఉండాలమ్మా. లాకరులో పెడతాం."

ఇస్త్రీ అక్క చీర చెంగు వేలికి చుట్టుకుంది. "దగ్గునా?"

"ఆయనవి ఇంకేమున్నాయి?"

"మధ్యలో వచ్చి వినొచ్చా?"

"లాకరు గదిలోకి ఎవరినీ రానివ్వరు."

గోడ అవతల తాళాల అన్న ఆకురాయి ఆగింది. వద్దంటే వచ్చే నెలకి గోడలుండవు. ఆమె కాసేపు మూలకేసి చూసింది. ఎప్పుడైనా ఆయన మాట కాదనాలంటే అలాగే చూసేది.

"వాయిదాలు ముందే కట్టేయొచ్చా?"

"ఇప్పుడు కట్టొచ్చమ్మా. ఎంత ముందైతే అంత మంచిది."

ఇస్త్రీ అక్క సంతకం పెట్టింది. మళ్ళీ దగ్గు వచ్చింది, ఈసారి ఒక్కటే. అమ్మాయి కవరు అంచు నాలుకతో తడిపి అంటించింది.

ఇప్పుడు ఆమె షట్టరు ఐదింటికే ఎత్తుతోంది. మొదటి వాయిదా కట్టిన సాయంత్రం నాలుగింటికి రెండు గ్లాసుల్లో టీ పోసింది. తాళాల అన్న కేకెయ్యలేదు. వీధిలో ఎవరూ వాచీ సరిచేసుకోలేదు. గది ఆమె పేరు మీదుంది. ఇంకా నూట నలభై మూడు వాయిదాలు కట్టాలి.