వల కట్టని అంతస్తు

పదకొండో అంతస్తు అంచున ఇసుక తట్ట దించబోయి తోటి కూలీ కాంతమ్మ కింద పడిపోవడం రేణుకమ్మ కళ్లారా చూసింది. హైదరాబాదులో అద్దె ఫ్లాట్ల కోసం లేస్తున్న భవనం అది. మనుషులు పడిపోకుండా చుట్టూ వల కట్టమని కూలీలు మొదట్నుంచీ అడుగుతూనే ఉన్నారు. కళ్లు తిరిగి పడిందని కాంట్రాక్టరు పోలీసులకు చెప్పాడు. శవాన్ని ఆమె సొంతూరు ఉప్పునుంతలకు పంపించేశాడు. కేసు లేదు.

మర్నాడు ఎవరూ తట్ట ఎత్తలేదు. వల కట్టాలన్నారు, కేసు పెట్టాలన్నారు. కాంట్రాక్టరు వాళ్లు ఉండే రేకుల షెడ్లకు తాళాలు వేయించి, కొత్త కూలీల కోసం, పల్లెల నుంచి మనుషుల్ని తోలుకొచ్చే మేస్త్రీ కురుమూర్తిని కరువు ఊళ్ల నడుమనున్న కొత్తకోటకు పంపాడు.

సంగతి తెలిసి రేణుకమ్మ, తోటి ఆడకూలీలు బస్సెక్కి కొత్తకోటలో దిగారు. దాబా ముందు ఆగిన లారీలోకి జనం మూటలతో ఎక్కుతున్నారు. తోటివాళ్లు ఎక్కేవాళ్లను ఆపబోతుంటే, రేణుకమ్మ వెళ్లి లారీకి అడ్డంగా నిలబడింది.

"జర పక్కకు జరుగక్కా. ఆళ్ల పొట్ట ఎందుకు కొడ్తవ్?" అన్నాడు కురుమూర్తి.

లారీలోంచి జంగమ్మ అనే ముసలామె తొంగి చూసింది. "బోరు ఎండింది బిడ్డా. పోకుంటే ఏం తినాలె?"

రేణుకమ్మ కూడా ఆ కష్టంతోనే ఊరు విడిచింది.

"పోవద్దంటలేను పెద్దమ్మా. వల లేక మా కాంతమ్మ పదకొండో అంతస్తు మీదికెల్లి పడి సచ్చింది. వల కట్టినంక అందరం కలిసి పోదాం. ఇయ్యాల మీరు పోతే మేం అడిగింది మన్నుల కలుస్తది. రేపు మీల ఎవలో పడ్తరు. గప్పుడు ఇంకో లారీ వస్తది."

జంగమ్మ మేస్త్రీ వైపు తిరిగింది. "మనిషి పడి సచ్చిందని చెప్పలేదేంది?"

"మందిని తెమ్మన్నరు, తీస్కపోతున్న. మిగిలిన ముచ్చట నాకు తెల్వదు."

"తెల్వదా? కాంతమ్మది నీ ఊరే గద. పనికి తోల్కొచ్చింది నువ్వే గద," అంది రేణుకమ్మ.

కురుమూర్తి ఫోన్ తీసి పక్కకు వెళ్లాడు. జంగమ్మ మూట కిందికి విసిరి, లారీ అంచు పట్టుకుని మెల్లగా దిగింది. ఆమె వెనక ఇద్దరు ముగ్గురు దిగారు. మిగతావాళ్లు తిట్టుకుంటూ లోపలే కూర్చున్నారు.

ఇంతలో పోలీసులు వచ్చి, రోడ్డు ఆపిందంటూ రేణుకమ్మను వ్యాన్‌లోకి నెట్టారు. వ్యాన్ కదిలాక వెనక్కి చూసింది. మూటలు నెత్తిన పెట్టుకుని జనం నడిచి వస్తున్నారు. ఇందాక తిట్టినవాళ్లూ, ఆమెను నెట్టడం చూసి లారీ దిగి, వాళ్లలో కలిశారు.

స్టేషన్ వరండా నిండిపోయింది. "ఆమెను విడిపించనీకి వచ్చిండ్రా?" అన్నాడు ఎస్సై.

"కాంతమ్మ కేసు రాయించనీకి వచ్చినం," అంది జంగమ్మ.

"అది హైదరాబాద్ల రాయాలె."

"సచ్చిపోయింది మా మనిషి. రాసేదాంక ఈడనే ఉంటం," అని జంగమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది. ఆమె పక్కన ఒక్కొక్కరే మూటలు దించారు.