గుట్టు కాగితం

తబిత రెన్‌ఫీల్డ్ నవలలో ఒక దొరసాని ఉంది. పెంపుడు చిలకను పట్టుపరుపు మీద పడుకోబెట్టి, కన్నకూతుళ్ల పుట్టినరోజులు మర్చిపోయే మనిషి. ఆమె పూర్తిగా కల్పన. ఆ మాట లండన్‌లో ఒక్కరూ నమ్మలేదు.

కథ అచ్చయిన వారానికే, అందులోని ఏ పాత్ర నిజానికి ఎవరో చెప్పే గుట్టు కాగితం అమ్మకానికి రావడం ఆ ఊళ్లో మామూలే. పుస్తకాల వ్యాపారి క్రడ్జ్ తబితను అడగకుండానే ఒకటి అచ్చేశాడు. చిలక దొరసాని ఎదురుగా లేడీ హార్‌కోంబ్ పేరు, మధ్య అక్షరాలు తీసి గీతలు పెట్టి మరీ. తబిత చదువు చెప్పేది ఆవిడ పిల్లలకే. తిండీ నీడా ఆ ఇంట్లోనే.

వానలో తడుస్తూనే దుకాణానికి పరుగెత్తింది.

"ఆవిడ పేరెందుకు పెట్టావయ్యా?"

"ఆవిడకి చిలక ఉందా లేదా?"

"సగం ఊరికి చిలకలున్నాయి!"

"పూర్తి పేరు వేయలేదుగా తల్లీ. గీతలున్నాయి. ఏ కోర్టూ నన్నేం చేయలేదు."

"కోర్టు కాదు, నా కొలువు పోతుంది! ఆ పేరు తీసెయ్."

"ఖాళీ ఉంటే ఎవడు కొంటాడు? ఇంకెవర్నైనా పెడతా."

"ఎవర్నో పెట్టుకుని ఏడు!"

క్రడ్జ్ లేడీ ట్రెవిల్‌ను పెట్టాడు. కొత్త కాగితం వచ్చిన మర్నాడే లేడీ హార్‌కోంబ్ తబితను పిలిపించింది. బల్ల మీద రెండు కాగితాలూ ఉన్నాయి.

"అమ్మగారూ, మొదటిది పొరపాటు. మీ పేరు నేనే తీయించేశాను."

"తీయించింది నువ్వా!" ఆవిడ తాగుతున్న చాక్లెట్ కప్పు బల్ల మీద ఠప్పున దిగింది. "మూడు రోజులు నా వాకిట్లో బగ్గీలకి చోటు లేదు, నా చిలకని చూడ్డానికి! ఇవాళ అందరూ ఆ ట్రెవిల్ ఇంటికి పోయారు. దానికి చిలకే లేదు. నిన్న కొనుక్కుంది!"

"ఆ దొరసాని తెలివితక్కువదండీ. కూతుళ్ల పుట్టినరోజులైనా గుర్తుండవు."

"అందుకేగా అందరూ నన్ను ఇట్టే గుర్తుపట్టారు! రేపటికల్లా నా పేరు నాకు రావాలి. లేదా నీ పెట్టె సర్దుకో."

తబిత మళ్లీ అదే వానలో అదే దుకాణానికి నడిచింది. క్రడ్జ్ కలం ఆమె చేతికే ఇచ్చాడు.

"నువ్వే రాసెయ్. పైన 'రచయిత్రి స్వయంగా సరిదిద్దినది' అని వేస్తా."

ఆమె పేరు రాసింది. పాళీ చీలిపోయేంత గట్టిగా గీతలు కూడా పెట్టింది.

"ఇంతకీ నా నవల ఎన్ని ప్రతులు అమ్ముడుపోయాయి?"

"నవలా?" క్రడ్జ్ సిరా ఆరడానికి కాగితం మీద ఊదాడు. "దాన్నెవరు చదువుతారమ్మా?"