నేను వెలగని మధ్యాహ్నం

నేను ఒక టెస్ట్ ల్యాంపును. పేరు చూసి ఘనంగా ఊహించుకోకండి. లారీ సైడు లైటులోంచి పీకిన చిన్న బల్బు, విరిగిన గొడుగు ఊచ, జానెడు వైరు, దాని చివర ఒక క్లిప్పు. నా వంశవృక్షం ఇంతే. బందరులో కార్లకు కరెంటు పనులు చేసే సోమలింగం మేస్త్రి, ఒక ముసురు రోజున బేరాల్లేక, ఊరికే కూర్చోలేక నన్ను తయారుచేశాడు. క్లిప్పును కారు ఇనుముకు తగిలించి, నా మొనను వైరులో గుచ్చితే, అక్కడ కరెంటుంటే వెలుగుతాను. లేకపోతే వెలగను. నాకు తెలిసిన విద్య అంతే.

ఇంత చిన్న విద్యను కూడా మనుషులు నమ్మరు. నేను వెలగకపోతే ముందు నన్నే తిడతారు. బల్బు పోయిందేమోనని దులుపుతారు, నోటితో ఊదుతారు, చొక్కాకు తుడుస్తారు. తమకు నచ్చని జవాబు వస్తే అడిగినవాడిని వదిలేసి చెప్పినవాడిని పట్టుకోవడం వాళ్లకు అలవాటు. సోమలింగం మాత్రం అలాంటివాడు కాదు. "ఇది అబద్ధం చెప్పదురా, అడిగేవాడికే అడగడం రావాలి" అనేవాడు శిష్యుడు ఖాదర్‌వలీతో. పోయేముందు నన్ను అతని చేతిలోనే పెట్టాడు. ఇప్పుడు వలీకీ మీసాలు నెరిశాయి. నా బల్బు ఎన్నోసార్లు మారింది. అయినా నేను నేనేనని అనుకుంటాను.

దయ్యాలంటే నాకు మొదట్నుంచీ లెక్కలేదు. దానంతటదే లైటు వెలిగిందనో, ఎవరూ లేకుండానే హారన్ మోగిందనో భయపడి తెచ్చిన పాత కార్లను ఎన్నింటినో చూశాను. ప్రతి దాంట్లోనూ దయ్యం తొడుగు ఊడిన వైరే. అందుకే చిలకలపూడిలో భ్రమరాంబ గారి ఇంటికి వెళ్లిన రోజు కూడా నేను వలీ సంచిలో నిర్లక్ష్యంగానే పడుకున్నాను.

ఆమె భర్త పురుషోత్తం గారికి రోల్డుగోల్డు గాజుల కొట్టు ఉండేది. సాయంత్రం కొట్టు కట్టేసి వస్తూ, సందు మలుపులో రెండు చిన్న హారన్లు కొట్టేవాడట, గేటు తీయమని. ఆయన పోయి ఏడాదైంది. పాత అంబాసిడర్ ఆనాటి నుంచీ షెడ్డులోనే ఉంది. అందులో బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. అయినా అప్పుడప్పుడూ ఆ రెండు హారన్లూ వినిపిస్తున్నాయని సందులో చెప్పుకుంటున్నారు. పాలు పోసే ఆమె ఆ షెడ్డు వైపు రావడం మానేసి, పెరటి గుమ్మంలో చెంబు అందుకుంటోంది.

భ్రమరాంబ గారు షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది.

"దీన్ని నడిపించమని నిన్ను పిలవలేదు వలీ. ఆవేళ ఎందుకు కదల్లేదో అది చెప్పు, చాలు" అంది. "పొద్దున్నే గుండె పట్టేసిందన్నారు. పక్కింటాయన పరిగెత్తుకొచ్చి తాళం తిప్పితే, టిక్కుమని ఊరుకుంది. ఆటో దొరికేసరికి అంతా అయిపోయింది. కన్నబిడ్డని చూసినట్టు చూసుకున్నారు దీన్ని. ఆయనకి అవసరమైన ఒక్క పూట ఎందుకు మొండికేసింది? ముందు రాత్రి హారన్ దానంతటదే మూలిగింది కూడాను. అపశకునం అనుకుని దణ్ణం పెట్టుకున్నాను గానీ, లేచి చూడలేదు."

"చూద్దాం అమ్మా" అన్నాడు వలీ.

షెడ్డులో చల్లగా ఉంది. డ్రైవరు సీటు ఒక మనిషి కూర్చున్నంత మేర గుంటపడి ఉంది. వలీ తాను తెచ్చిన బ్యాటరీ పెట్టి, ఒక వైపు కేబులు తగిలించాడు. రెండో వైపు కేబులుకూ బ్యాటరీకీ మధ్య నన్ను పెట్టాడు. కరెంటు ఎక్కడ కారిపోతోందో పట్టుకునే పద్ధతి ఇది. అప్పుడు కారులో ఏ చిన్న వస్తువు కరెంటు తాగాలన్నా అది నాలోంచే పోవాలి. అన్ని స్విచ్చులూ ఆపి ఉన్నాయి. తాళం వలీ జేబులో ఉంది. నేను వెలగకూడదు.

వెలిగాను. ఎర్రగా, మసకగా. అది కూడా నిలకడగా కాదు. కాస్త పెరిగి, కాస్త తగ్గి, మళ్లీ పెరిగి, నిద్రపోతున్న మనిషి ఊపిరిలా. నా బతుకులో మొదటిసారి నా వెలుగు చూసి నాకే భయమేసింది. వలీ పెదవులు ఏదో చదువుకున్నాయి. భ్రమరాంబ గారు కుర్చీలోంచి లేచి నిలబడింది.

అయినా వలీ చేతులు పని మానలేదు. ఫ్యూజులు ఒక్కొక్కటే తీశాడు. నేను ఆరలేదు. చివరికి హారన్ వైరు ఊడదీయగానే ఆరిపోయాను. అతను కారు ముందుకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముందు జాలీకి దిష్టి నిమ్మకాయలు వేలాడుతున్నాయి. ఎండి నల్లబడ్డాయి, మిరపకాయల్లో తొడిమలే మిగిలాయి. గాలికి మెల్లగా ఊగుతున్నాయి. నేను ఊపిరి తీసింది ఆ ఊపుకే.

దిష్టికాయలు మన దగ్గర దారంతో కడతారు. ఇవి ఇనప తీగతో కట్టి ఉన్నాయి. ఊడిపోకూడదని తీగ కొసను జాలీలోంచి లోపలికి దూర్చి మెలిపెట్టారు. ఆ కొస వెళ్లి హారన్ బోల్టును పట్టుకుంది. ఆ ముందు రాత్రి గట్టిగా తగిలినప్పుడు హారన్ మూలిగింది. మిగతా రాత్రంతా తుప్పులోంచీ నిమ్మరసంలోంచీ బ్యాటరీ ప్రాణం కొంచెం కొంచెంగా కారిపోయింది. ఆవేళ బండి ఎందుకు కదల్లేదో వలీకీ నాకూ ఒకేసారి తెలిసింది.

అతను చప్పుడు చేయకుండా తీగ తెంపి, కాయలన్నీ రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. లేచి ఆమె ముఖంలోకి చూడకుండా అన్నాడు. "ఎలకమ్మా. వైరు కొరికేసింది. ఎవరు మాత్రం ఏం చేస్తారు."

"ఎలకా!" అంది ఆమె. నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నా ఎదురుగా నిలబడి వలీ ఆడిన మొదటి అబద్ధం అది. నాకు కోపం రాలేదు. ఆ మనిషి మీద ఎంతో ప్రేమ పుట్టింది.

"అయితే బండి తప్పేం లేదన్నమాట. పాపం, ఏడాదిగా తిట్టిపోశాను. వచ్చే అమావాస్యకి మళ్లీ నిమ్మకాయలు కడతాను."

"దారంతో కట్టండమ్మా, తీగ వద్దు" అన్నాడు వలీ.

పని తెలిసినవాడి నోరు అంతే, ఆగదు. అన్నాక గానీ అతనికి తెలియలేదు. ఆమె ఖాళీగా ఉన్న జాలీ వైపు చూసింది. ఉబ్బిన అతని జేబు వైపు చూసింది.

"మర్నాడు నెల్లూరు వెళ్లాలన్నారు" అంది. "దూరం కదా, దారమైతే తెగిపోతుందని... నేనే, వలీ. నా చేత్తో నేనే మెలిపెట్టాను." ఆ వేళ్లను ముఖం ముందు పెట్టుకుని చూసుకుంటోంది.

హారన్ మోగింది. రెండుసార్లు. చిన్నగా.

హారన్ వైరు ఊడి నేల మీద పడి ఉంది. నేనింకా కేబులుకూ బ్యాటరీకీ మధ్యనే ఉన్నాను. ఆ కారులో ఏది మోగాలన్నా కరెంటు నాలోంచే పోవాలి.

భ్రమరాంబ గారు తలెత్తింది. చేతులు కిందికి దించింది. "ఆ, వస్తున్నానండీ" అని, చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ వెళ్లి గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచింది. సందులో ఎవరూ లేరు. ఆమె చాలాసేపు అక్కడే నిలబడింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె ముఖంలో ఏడుపు లేదు.

వలీ నన్ను ఊడదీశాడు. ఇన్నేళ్లలో మొదటిసారి నన్ను అనుమానించాడు. దులిపాడు, నోటితో ఊదాడు, చొక్కాకు తుడిచి బ్యాటరీకి పెట్టి చూశాడు. భేషుగ్గా వెలిగాను.

ఇప్పుడు అతని దగ్గర అంకెలు చూపించే మీటరు ఉంది. నేను కొట్టులో మేకుకు వేలాడుతున్నాను. పని లేని వేళల్లో అతను నా వైపు చూస్తుంటాడు. ఏం అడగాలనుకుంటున్నాడో నాకు తెలుసు. ఆ మధ్యాహ్నం హారన్ మోగినప్పుడు నేను వెలగలేదు. నాకు తెలిసిన విద్య అంతే.