అన్నను చావనివ్వని తమ్ముడు

రక్తకేన్సర్‌కు మూలకణ మార్పిడి చేయించుకుని ఇంటికొచ్చిన సిద్దిరాములును ప్రతి సోమవారం రక్తపరీక్షకు తీసుకెళ్లేది తమ్ముడు రాఘవేందరే. మూలకణాలు ఇచ్చిందీ అతనే. మచ్చబొల్లారం నుంచి పొద్దున్నే తూంకుంటకు వచ్చి, వెంచరులో అన్న ఇంటి ముందు కారు ఆపి హారన్ కొట్టేవాడు. గడప మాత్రం తొక్కేవాడు కాదు.

ఆ వీధిలోకి తిరిగితే చాలు, రాఘవేందర్‌కు కడుపు మండిపోయేది. ఆ తారు కిందే నాయిన సమాధి ఉండేది. పొలం వెంచరుకు అమ్మేటప్పుడు సమాధి జోలికి పోనని మాటిచ్చి, తమ్ముడు ఊళ్లో లేని రోజు చూసి జేసీబీతో పెకిలించి రోడ్డు వేయించాడు అన్న.

ఒంట్లో నిద్రపోతున్న వైరస్ మార్పిడి చేయించుకున్నవాళ్లలో మేల్కొంటుందనీ, జ్వరం వచ్చేదాకా ఆగితే ఊపిరితిత్తులు పోతాయనీ డాక్టరమ్మ ముందే చెప్పింది. ఏడోవారం రిపోర్టులో అది కనబడింది. సిద్దిరాములుకు జ్వరం లేదు, దగ్గు లేదు. "రేపు పోదాం తియ్" అన్నాడు. రాఘవేందర్ వినలేదు. గంటలో ఆసుపత్రిలో చేర్చాడు, మందు ఎక్కించేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

మూడు వారాలకు వైరస్ జాడ లేదని తేలింది. తిరిగొచ్చే దారిలో సిద్దిరాములు కళ్లు తుడుచుకున్నాడు.

"నేను గంత జేసినా, నా మీద నీకు మస్తు పాయిరం తమ్మీ."

రాఘవేందర్ సరిగ్గా సమాధి ఉండిన చోట కారు ఆపాడు.

"నిన్ను సావనియ్యనన్నా. నాయిన మీదికెల్లి ఏపిచ్చిన గీ రోడ్డును రోజూ తొక్కుకుంట బతకాలె నువ్వు. సస్తే నాయిన పక్కన పెట్టనీకి జాగ గూడ లేదు. నువ్వే అమ్మినవ్."