యాప్‌కి మోకాళ్ళుండవు కదండీ

సారిక ఏళ్ళ తరబడి కూర్చుని చేసిన ‘కుశలం’ యాప్‌ని అనుమతుల కమిటీ వెనక్కి పంపింది. కారణం వింటే ఎవరికైనా నవ్వొస్తుంది, సారికకి మాత్రం ఏడుపొచ్చింది. యాప్ వాడిన షుగర్ పేషెంట్లు మరీ ఆరోగ్యంగా ఉన్నారట.

ఆ యాప్ చేసే పని చిన్నదే. రోజూ పొద్దున్నే ఫోన్లోంచి ఆడగొంతుతో, “నమస్కారమండి, కులాసాగా ఉన్నారా? కాళ్ళ మంటలు, తిమ్మిర్లు ఏమైనా ఉన్నాయాండి?” అని పలకరిస్తుంది. పేషెంటు నోటితో జవాబు చెప్పాలి. జవాబులో తేడా ఉంటే వెంటనే డాక్టరుకి కబురు వెళుతుంది. అయితే దాన్ని ఆసుపత్రులకి అమ్మాలంటే అనుమతి కావాలి, అనుమతికి రుజువు కావాలి. ఆ రుజువు కోసమే పెద్దాపురం చుట్టుపక్కల పేషెంట్ల చేత కొన్ని నెలలు వాడించింది.

కమిటీ పెద్ద ఉదయభాస్కర్ గారు కళ్ళద్దాలు పైకి నెట్టుకున్నారు. “చూడండమ్మా, అందరూ రోజూ ‘బాగున్నామండి’ అనే చెప్పారు. ఇంత బాగున్నవాళ్ళకి మీ యాప్ ఎందుకండి? ఇంకొక్కసారి చూస్తాం. అప్పుడూ ఇంతే అయితే ఫైలు మూసేయడమే.” పోతూపోతూ ఇంకో మెలిక కూడా పెట్టారు. సరదాకి, పరీక్షకి చెప్పిన మాటలు పేషెంట్ల లెక్కలో కలవకూడదు కాబట్టి, తేడా కనబడిన ప్రతిసారీ అది నిజమా, ఉత్త పరీక్షా అని యాపే అడిగి తెలుసుకోవాలన్నారు.

సారిక మండిపడుతూ తిన్నగా వాళ్ళ పెద్దమ్మ ఇంటికి వెళ్ళింది. సంపూర్ణమ్మ లూథరన్ బడిలో టీచరుగా చేసి రిటైరైన మనిషి, యాప్ వాడుతున్న వాళ్ళలో ఆవిడా ఒకరు. తలుపు తీయడానికి కుంటుకుంటూ వచ్చింది. పాదానికి పాత చీర గుడ్డతో కట్టు ఉంది.

“పొద్దున యాప్ అడిగితే ఏం చెప్పావు పెద్దమ్మా?”

“బాగున్నానని చెప్పాను.”

“మరి ఆ కట్టేంటి?”

“ఇదా, చెప్పు కరిచిందిలే. అయినా ఆ పిల్ల ఎంత మర్యాదగా అడుగుతుందే. పొద్దున్నే అంత పద్ధతిగా పలకరించిన మనిషికి బాగోలేదని చెప్పి మనసు కష్టపెడతామా?”

“అది మనిషి కాదు పెద్దమ్మా, యాప్.”

“యాపైతే మాత్రం?”

సారిక తల పట్టుకుని కూర్చుంది. అంతలో పక్కింటావిడ పాపాయి వచ్చి అరుగు మీద కూలబడింది. “ఏం చెప్పమంటారు టీచరుగారూ, మోకాళ్ళు పట్టేసి రాత్రంతా కునుకు లేదండి” అంది. ఆ ఒక్క మాటకి సంపూర్ణమ్మ ముఖం విప్పారింది.

“మీకు మోకాళ్ళతో పోయిందండి. నాకీ పాదం మొద్దుబారిపోయి, చెప్పు కాల్లోంచి ఎప్పుడు జారిపోతోందో కూడా తెలీడం లేదండి. పుండు చీము పట్టింది. మా సారికకి మాత్రం చెప్పకండి, కంగారుపడుతుంది.”

సారిక ఎదురుగానే ఉంది. ఆటో పిలిచి పెద్దమ్మని ఆసుపత్రికి లాక్కెళ్ళింది. ఇంకొంచెం ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వచ్చేదని డాక్టరు చెడామడా తిట్టాడు. సారిక హడలిపోయింది. కానీ ఆ భయంలోనే ఒక సంగతి బోధపడింది. తన యాప్ చుట్టపుచూపుగా వచ్చి పలకరిస్తోంది. పాపాయి మాత్రం తన కష్టం ముందు చెప్పుకుంది.

కొత్త కుశలం, “మోకాళ్ళు ఒకటే పోట్లండి, లేవలేకపోతున్నాను. మీకెలా ఉందండి?” అని మొదలెట్టింది. ఇంక చూసుకోండి, జనం మొత్తుకున్నారు. మాత్రలు మానేసినవాళ్ళు, దొంగచాటుగా కాజాలు లాగించినవాళ్ళు, కళ్ళు మసకేసినవాళ్ళు, అందరూ బయటపడ్డారు. డాక్టరుకి తిండి తినే తీరిక లేకుండా పోయింది. సారిక ఈ రుజువంతా పట్టుకుని పండగలా కమిటీకి వెళ్ళింది.

ఉదయభాస్కర్ గారు అంతా విని, “యాప్‌కి మోకాళ్ళుండవు కదండీ. మనిషినని పేషెంటుని నమ్మిస్తే మోసమే అవుతుంది. నిబంధన ఒప్పుకోదు” అన్నారు.

సారికకి ఒళ్ళు మండింది. కానీ ఆయనన్నదాంట్లో తప్పేముంది? తన పెద్దమ్మ ఆ గొంతుని ఎంత నమ్మిందో తనే చూసింది. ఆ సంగతి తలచుకునేసరికి కోపం చల్లారి, సిగ్గేసింది.

“భోజనాలయ్యాక రండి. అబద్ధం తీసేస్తే చూద్దాం” అన్నారాయన.

సారిక వరండాలో బల్ల మీద కూలబడింది. అన్నం సహించలేదు. ఫోన్లో ఛార్జింగ్ అడుగంటింది, సిగ్నల్ వచ్చిపోతోంది. ఫోన్‌ని నాలుగు తిట్టబోయి ఆగింది. పాపం, దీని కష్టాలు దీనికీ ఉన్నాయి, అవి అబద్ధం కూడా కాదు. గబగబా ల్యాప్‌టాప్ తెరిచింది.

భోజనాలయ్యాక ఉదయభాస్కర్ గారు ఛార్జింగ్ అడుగంటిన తన ఫోన్లోనే యాప్‌ని పరీక్షించి చూశారు. “నేను యాప్‌నండి, మనిషిని కాదు. ఛార్జింగ్ అయిపోవచ్చింది, ఈ గోడల మధ్య సిగ్నల్ సరిగ్గా అందక నానా అవస్థ పడుతున్నానండి. మీకెలా ఉందండి?” అంది కుశలం.

ఆయన నవ్వేశారు. “నీకు ఛార్జింగే కదమ్మా. నాకు రెండు మెట్లెక్కితే ఆయాసం. అరికాళ్ళు ఒకటే మంటలు. ఇంట్లో చెప్తే బెంగపెట్టుకుంటారని...” అంటూ ఠక్కున ఆగిపోయారు.

గదిలో అందరూ ఆయన వంకే చూస్తున్నారు. “ఇది పరీక్ష కోసం చెప్పారాండి, నిజమేనాండి?” అని అడిగింది యాప్, ఆయన పెట్టించిన నిబంధన ప్రకారం.

పరీక్ష అనేస్తే సరిపోయేది. సారికకి ఆ క్షణంలో అనుమతి మాటే గుర్తులేదు. ఇన్నాళ్ళూ తను కసిగా చూసిన మనిషి మీద జాలేసింది, దిగులేసింది. నిజం చెప్పండి సార్, అని లోపలే బతిమాలుకుంది.

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. “నిజమేనండి” అన్నారు ఫోన్‌తో.

ఆ అరకొర సిగ్నల్‌లోనే డాక్టరుకి కబురు వెళ్ళిపోయింది. ఉదయభాస్కర్ గారు సంతకం పెట్టాల్సిన ఫైలుని పక్కాయన ముందుకి జరిపారు.

“మీరే తేల్చండి. నేనిప్పుడు కమిటీ కాదు, పేషెంటునండి” అన్నారు.

పక్కాయన జేబులోంచి పెన్ను తీశారు.